నడిరాత్రి నెత్తిమీద ఈలలు
పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన సంచికలో ఒక మూల నాలుగు వాక్యాలు రాశాను. చలికాలం మొదట్లో వలసపక్షులు రాత్రిళ్లు అరుచుకుంటూ పోతాయని, మేడ మీద పడుకునేవాళ్లు చెవి ఒగ్గితే వినపడతాయని. దానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కొన్ని మాత్రమే తీసుకున్నాను, మిగతావాళ్లు ఏమీ అనుకోవద్దు. కొత్తవాళ్ల కోసం ఒక మాట. నేను శాస్త్రవేత్తను కాను. గూడూరు, మద్రాసు లైన్లో చిన్న స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. ఎక్కువకాలం నైట్ డ్యూటీలే. బండికీ బండికీ మధ్య ప్లాట్‌ఫాం మీద నిలబడి విన్నదే నా చదువు. పుస్తకాలు తర్వాత వచ్చాయి.

మాది భీమవరం దగ్గర పల్లె. పోయిన అక్టోబరులో కరెంటు పోయి అందరం మేడ మీద పడుకున్నాం. తెల్లవారుజామున మూడింటికి నెత్తిమీద ఏదో ఈల వేసుకుంటూ పోయింది. కాసేపటికి మళ్లీ. మా అత్తగారు అది తీతువు అన్నారు. అప్పుడే మామగారికి ఆపరేషన్ అయి ఉంది, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్. ఇంతకీ అది ఏమై ఉంటుంది?

అమ్మా, ఇది జరిగి ఏడాది కావస్తోంది కాబట్టి మీ మామగారు ఈపాటికి కులాసాగా తిరుగుతున్నారనే అనుకుంటున్నాను. మీ అత్తగారిని తప్పు పట్టను. రాత్రిపూట పైనుంచి ఏ కూత వినపడినా తీతువు ఖాతాలో వేయడం మనకు తాతల నాటి అలవాటు.

కానీ తీతువు ఈల వేయదు. కసురుతుంది. ‘టిట్టీ... టిటీ టిట్’ అని, ఎవరో తలుపు దగ్గర నిలబడి గొడవకు దిగినట్టు ఉంటుంది. పైగా అది వలసపోయే పిట్ట కాదు, ఊరి పిట్ట. దొరవారిసత్రం స్టేషన్లో పనిచేసేటప్పుడు సైడింగు పట్టాల మధ్య కంకరలో ఒక జంట నాలుగు గుడ్లు పెట్టింది. కంకర రంగూ గుడ్ల రంగూ ఒకటే, కాలు వేసేదాకా కనపడవు. గూడ్సు బండి వచ్చిన ప్రతిసారీ, గ్యాంగ్‌మన్ నడిచిన ప్రతిసారీ, కుక్క దాటిన ప్రతిసారీ ఆ రెండూ లేచి నానా యాగీ చేసేవి. నెల రోజులు రాత్రింబగళ్లు తీతువు కూతల్లోనే బతికాం. తీతువు అరిస్తే చావు తప్పదన్నది నిజమే అయితే ఆ నెల మా స్టేషన్ స్టాఫులో ఒక్కడూ మిగిలి ఉండకూడదు. దాని గుడ్ల దగ్గరికి నక్కో పామో మనిషో వస్తే అరుస్తుంది, అంతే.

ఇక మీ ఈల సంగతి. నన్ను ఎవరు అడిగినా ముందు ఒకే ప్రశ్న వేస్తాను. శబ్దం కదిలిందా? ఒక పక్క నుంచి వచ్చి, నెత్తిమీదుగా, రెండో పక్కకు సన్నగిల్లిందా? లేక ఉన్నచోటే ఉందా? మా రైల్వే భాషలో చెప్పాలంటే ఆగకుండా పోయే త్రూ బండా, ఆగిన బండా అని. చెట్టు మీదో, పొలంలోనో ఒకే చోటి నుంచి వచ్చేది దాదాపుగా ఊరిదే. గుడ్లగూబ, కలేడు, పైడికంటి, తీతువు అన్నీ ఆ జాబితాలోవే. దాటిపోయింది అన్నారు కాబట్టి మీది ఎగిరేది.

అంతమాత్రాన వలసపక్షి అని తేల్చేయలేం. మీరున్నది కొల్లేటికి దగ్గర. చుట్టూ చేపల చెరువులు, వరి చేలు. అక్కడ రాత్రి ఈల అంటే ముందు అనుమానించాల్సింది ఈల బాతుని. పాతవాళ్లు చిలువ అంటారు. ఏడాది పొడవునా ఇక్కడే ఉండే బాతు. పగలంతా గుంపుగా నీళ్ల మీద కునికి, చీకటి పడ్డాక చేలల్లోకి మేతకు పోతుంది, తెల్లారేలోపు తిరిగొస్తుంది. ఎగురుతున్నంతసేపూ ‘సీ-సిక్, సీ-సిక్’ అని ఉబ్బసం ఉన్న మనిషి ఈల వేసినట్టు రెండు ముక్కల కూత. గాలి పీల్చినట్టు, వదిలినట్టు. మీరు విన్నది ఇలాగే ఉంటే అది పొరుగింటి చుట్టం.

ఈల కాకుండా ‘వక్’ అని ఒక్క మాట, కాస్త ఆగి మళ్లీ ‘వక్’ అని పోతే చింతవక్క. పేరులోనే కూత ఉంది చూడండి. మనవాళ్లు పెట్టిన పిట్టల పేర్లలో నాకు బాగా నచ్చింది ఇదే.

ఈ రెండూ కాక, శుభ్రంగా, నీళ్లలా స్వచ్ఛంగా ఉండే ఈల అయితే అది ఉల్లంకుల జాతిది, అంటే నీళ్ల అంచున బురదలో మేసే పిట్టలది. నిజంగా దూరం నుంచి వచ్చేవి. ‘ట్యూ ట్యూ ట్యూ’ అని సమానంగా మూడు దెబ్బలు వినిపిస్తే గ్రీన్‌షాంక్. ‘కూర్‌లీ’ అని చివర పైకి లేస్తే కర్లూ, పొడుగు వంపు ముక్కుది. ఒకే స్థాయిలో గబగబా ‘టిటిటిటిటిటిటి’ అని ఏడు దాకా లెక్క తేలితే వింబ్రెల్. ఈ చివరిదానికి ఒక కథ ఉంది. ఇంగ్లండులో బొగ్గు గనుల పనివాళ్లు దీన్ని ‘ఏడుగురు ఈలగాళ్లు’ అనుకునేవాళ్లు. రాత్రి ఆ ఈలలు వినపడితే గనిలో ప్రమాదం ఖాయమని మర్నాడు పనిలోకి దిగేవాళ్లు కాదు. మీ అత్తగారికి ఈ ముక్క చదివి వినిపించండి. ఆవిడ ఒక్కరే కాదని తెలుస్తుంది.

మూడింటికి, అక్టోబరులో, నెత్తిమీదుగా, రెండుసార్లు. చిలువ అని నా మొదటి పందెం, గ్రీన్‌షాంక్ అని రెండోది. ఈ ఏడు మళ్లీ వినపడితే కూతలో ఎన్ని ముక్కలున్నాయో, ఎటునుంచి ఎటు పోయిందో ఒక కాగితం మీద రాసి పంపండి. తెలుగు అక్షరాల్లోనే రాయండి. మన ఒత్తులూ దీర్ఘాలూ ఉన్న లిపిలో పిట్ట కూత రాసుకోవడం చాలా సుళువు.

నేను తొమ్మిదో తరగతి, కావలి. పక్షులకు రాత్రి కళ్లు కనపడవు కదా. మరి పగలు మానేసి రాత్రే ఎందుకు వలస పోతాయి? దారి ఎలా తెలుస్తుంది?

అబ్బయ్యా, రాత్రి కళ్లు కనపడవన్నది కోళ్లను చూసి మనం అనుకున్న మాట. అన్ని పక్షులూ కోళ్లు కావు.

అసలు అన్నీ రాత్రే పోవు. మన నేలపట్టుకు వచ్చే గూడబాతులు, శ్రీకాకుళం జిల్లా తేలుకుంచిలో ఊరివాళ్లు ఆడపడుచుల్లా చూసుకునే నత్తగుల్ల కొంగలు, ఇలాంటి వెడల్పు రెక్కల పెద్ద పక్షులు పగలే ఎగురుతాయి. ఎండకు నేల కాగి వేడిగాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకెక్కి, అక్కడి నుంచి ముందుకు జారతాయి. ఖర్చులేని ప్రయాణం. రాత్రి ఆ వేడిగాలి ఉండదు కాబట్టి వాటికి రాత్రి బండి లేదు.

చిన్న పిట్టలు, బాతులు, ఉల్లంకులు రెక్కలాడిస్తూనే పోవాలి. వాటికి రాత్రే మేలు. గాలి చల్లగా, కుదురుగా ఉంటుంది, ఒళ్లు వేడెక్కదు, ఒంట్లో నీళ్లు తొందరగా ఖర్చు కావు. డేగల బెడద తక్కువ. అన్నిటికంటే ముఖ్యం, పగలంతా మేతకు మిగులుతుంది. రాత్రి ప్రయాణం చేసి పొద్దున్నే దిగి టిఫిన్ చేసేవాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు కదా.

దారి సంగతికి ఒక మంచి ప్రయోగం చెబుతాను. 1960లలో అమెరికాలో స్టీఫెన్ ఎమ్లెన్ అనే ఆయన ఇండిగో బంటింగ్ అనే చిన్న నీలం పిట్టలను ప్లానెటేరియంలోకి, అంటే గుండ్రటి పైకప్పు మీద నక్షత్రాల బొమ్మ వేసి చూపించే హాల్లోకి తీసుకెళ్లాడు. గరాటు ఆకారంలో ఒక బోను, అడుగున సిరా మెత్త, చుట్టూ తెల్ల కాగితం. వలస కాలంలో పిట్ట ఎటు పోవాలనుకుంటే అటువైపు ఎగిరి ఎగిరి పడుతుంది, సిరా కాళ్ల గుర్తులు అటు కాగితం మీద పడతాయి. నక్షత్రాలు చూపిస్తే అవి సరైన దిక్కుకే గెంతాయి. పైకప్పు మీద ఆకాశాన్ని తిప్పేస్తే వాటి దిక్కూ తిరిగిపోయింది. అవి ఫలానా నక్షత్రాన్ని పట్టుకుని కాదు, ఆకాశమంతా ఏ చుక్క చుట్టూ తిరుగుతోందో దాన్ని పిల్లలుగా ఉన్నప్పుడే, మొదటి వలసకు ముందే గమనించి నేర్చుకుంటాయని ఎమ్లెన్ తేల్చాడు. మనకు అది ధ్రువ నక్షత్రం. నక్షత్రాలే కాక భూమి అయస్కాంతశక్తి, పొద్దు గుంకేటప్పటి వెలుగు కూడా వాటికి పనికొస్తాయి. సిరా, గరాటు, కాగితం. నాకైతే ఈ ప్రయోగం చదివిన రోజు రాత్రి నిద్ర పట్టలేదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. అపార్ట్‌మెంట్ తొమ్మిదో అంతస్తు. ఫోనుతో రికార్డు చేయొచ్చా? ఏ మైకు కొనాలి?

ముందేమీ కొనకండి. నేను కొని చెడ్డాను. ఒక చిన్న రికార్డరు తెప్పించి, మొదటి రాత్రే మేడ మీద పెట్టి పడుకున్నాను. నవంబరు నెల, నెల్లూరు జిల్లా. వాన రాదని ఎలా అనుకున్నానో దేవుడికే తెలియాలి. పొద్దున చూస్తే దాని కడుపులో నీళ్లు. మా ఆవిడ ఇప్పటికీ ఆ డబ్బు గుర్తుచేస్తుంది.

పాత ఫోను ఒకటి ఉంటే చాలు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, ఒక ప్లాస్టిక్ బకెట్టు అడుగున పాత దుప్పటి వేసి, మైకు పైకి ఉండేలా నిలబెట్టండి. బకెట్టు గోడలు కింద రోడ్డు చప్పుడును కొంత ఆపుతాయి, పై చప్పుడు లోపలికి వస్తుంది. ఇది నా తెలివి కాదు. అమెరికాలో బిల్ ఎవాన్స్ అనే ఆయన పూలకుండీలో మైకు పెట్టి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి, వానకు తడవకుండా రాత్రంతా ఆకాశాన్ని వినే ఏర్పాటు చేశాడు. ఆ పూలకుండీ మైకులు ఎంతోమంది తయారుచేసుకున్నారు. అంతకుముందు 1896లోనే ఆరిన్ లిబీ అనే మనిషి విస్కాన్సిన్‌లో మాడిసన్ ఊరి దగ్గర చిన్న గుట్ట మీద కూర్చుని, ఏ యంత్రమూ లేకుండా ఒక్క రాత్రిలో 3,000కు పైగా కూతలు లెక్కపెట్టాడు. మీ తొమ్మిదో అంతస్తు ఆ గుట్టకేం తీసిపోదు. ఏసీ బయటి డబ్బాకు, లిఫ్టు గదికి దూరంగా పెట్టండి, చాలు.

రాత్రంతా మామూలు వేవ్ ఫైలుగా రికార్డు చేస్తే రెండున్నర, మూడు జీబీ అవుతుంది. దాన్ని కూర్చుని వినక్కర్లేదు. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, స్పెక్ట్రోగ్రామ్ చూపించమంటే శబ్దం బొమ్మగా కనపడుతుంది. కీచురాళ్లు అడ్డంగా ఆగని గీత. కుక్క మొరిగితే కింద మందపాటి మరకలు. పిట్ట ఈల పైన సన్నగా, కొక్కెంలా, కనుబొమ్మలా ఉంటుంది. నాలుగు రోజులు అలవాటైతే ఎనిమిది గంటల రాత్రిని అరగంటలో తిప్పేస్తారు. మీరు ఇలాంటి తెరల ముందే బతికేవాళ్లు, నాకంటే తొందరగా పడుతుంది.

పేరు చెప్పే యాప్‌లను మాత్రం గుడ్డిగా నమ్మకండి. నా ఫోను ఒకసారి పక్కింటి నీళ్ల మోటారును గుడ్లగూబ అంది. అది చెప్పిన పేరు మన దేశంలో, ఆ నెలలో ఉండే పక్షేనా అని చూసుకుని అప్పుడు ఒప్పుకోండి.

ఇంకొకటి, ముందే చెబితే నిరాశ పడరు. మనవైపు చలికాలానికి వచ్చే పురుగులు తినే చిన్న చిన్న పిట్టలు, ఆకుపచ్చ వార్‌బ్లర్లు లాంటివి, దాదాపు నోరు మెదపకుండానే దాటిపోతాయి. మనకు వినపడేది ఉల్లంకులు, బాతులు, కొంగ జాతివి. హైదరాబాదులో చెరువులకు దగ్గరగా ఉంటే అదృష్టం. ఆగస్టు చివర నుంచి నవంబరు దాకా, మళ్లీ ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రయత్నించండి. మబ్బు కిందికి దిగిన రాత్రులు వదలకండి. పక్షులూ కిందికి దిగుతాయి, దారి కోసం ఒకదాన్నొకటి ఎక్కువగా పిలుచుకుంటాయి.

రాత్రి రెండింటి నుంచి కోయిల కూస్తూనే ఉంది, నిద్ర లేదు. ఇది కూడా వలసేనా?

కాదు. మీ వీధి దీపం. ఏప్రిల్, మే నెలల్లో దాని పెళ్లి సందడి, పైగా లైటు వెలుగు. వానలు పడ్డాక తగ్గుతుంది. దూది పెట్టుకోండి.

అమెరికా, న్యూజెర్సీ, ఎడిసన్. ఇక్కడ సెప్టెంబరు రాత్రుల్లో పెరట్లో నిలబడితే పైన ‘పీ’, ‘పీ’ అని కప్ప అరిచినట్టు ఒక్కొక్క చుక్క శబ్దం. పైన కప్పలేమిటని మావారు నవ్వుతున్నారు. మీరేమంటారు?

ఈసారి మీరు నవ్వండి. ‘స్ప్రింగ్ పీపర్’ అని అక్కడొక బుల్లి కప్ప ఉంది. దాని కూతను పోలిన కూతతో స్వెయిన్‌సన్స్ థ్రష్ అనే పక్షి సెప్టెంబరు రాత్రుల్లో మీ మీదుగా దక్షిణ అమెరికాకు పోతుంది. ఉత్తరం రాసినందుకు అసూయగా ఉందమ్మా. ఈ విద్య పుట్టిందే మీవైపు. మన పిట్టలు నోరు మూసుకుని పోతాయన్నానే, మీ థ్రష్‌లూ వార్‌బ్లర్లూ పిలుచుకుంటూ పోతాయి. ఇందాక చెప్పిన బిల్ ఎవాన్స్‌కు కూడా 1985లో మిన్నెసోటాలో నది ఒడ్డున రాత్రి బస చేసినప్పుడు, పైన పోతున్న పక్షుల కూతలు విని ఈ పిచ్చి పట్టింది.

మీకు ఇంకో సదుపాయం. వాతావరణ శాఖ రాడార్లలో వానతోపాటు పక్షుల గుంపులూ పడతాయి. ఆ లెక్కలతో ‘బర్డ్‌కాస్ట్’ అని ఒకటి నడుపుతున్నారు. ఈ రాత్రి మీ కౌంటీ మీదుగా ఎన్ని పక్షులు దాటుతున్నాయో అంచనా చెబుతుంది. అది ఎక్కువ చూపించిన రాత్రి మావారిని కూడా పెరట్లోకి లాక్కెళ్లండి అని రాయబోయాను, మీవారిని అని చదువుకోండి.

మీ పెరటి దీపం ఆర్పి వినండి. దీపానికీ కూతకూ సంబంధం ఉంది. మీకు దగ్గర్లోనే, న్యూయార్కులో ప్రతి సెప్టెంబరు 11 రాత్రి 88 సెర్చిలైట్లతో రెండు వెలుగు స్తంభాలు నిలబెడతారు, కూలిన ఆ రెండు భవనాల గుర్తుగా. వలస ముమ్మరంగా ఉండే రోజులు అవి. ఏడు సంవత్సరాల్లో ఏడు రాత్రులు రాడారుతోనూ మైకులతోనూ పరిశీలించి 2017లో ఫలితాలు ప్రకటించారు. ఆ ఏడు రాత్రుల్లో సుమారు 11 లక్షల పక్షులు ఆ వెలుగు ప్రభావంలో పడ్డాయి. లైట్లు ఉన్నంతసేపు అందులోనే గిరగిరా తిరుగుతూ, మామూలు కంటే ఎక్కువగా అరుస్తూ ఉండిపోయాయి. లైట్లు ఆర్పిన కొద్ది నిమిషాల్లోనే చెదిరి తమ దారిన పోయాయి. వెలుగులో 1,000కి మించి పక్షులు చిక్కుకున్నట్టు కనపడితే 20 నిమిషాలు లైట్లు ఆర్పే ఏర్పాటు అక్కడ ఉంది. గూడ్సును పక్కనున్న లూపు లైన్లో ఆపి మెయిల్‌కు దారిచ్చినట్టు. ఇలాంటి పద్ధతి చూస్తే స్టేషన్ మాస్టరుగా నాకు మహా ముచ్చట.

కడప. రాత్రి పదింటికి వరండాలో ట్యూబులైటు దగ్గర గోడకు కొట్టుకుని ఒక పిట్ట పడింది. ఆకుపచ్చ వీపు, నీలం భుజం, తోక కింద కుంకుమ ఎరుపు, తోక లేనట్టే ఉంది. పిల్లలు పెంచుకుంటామంటున్నారు. ఏం పెట్టాలి?

ఏమీ పెట్టకండి. పెంచుకోకండి. అది పొన్నంగి. అక్టోబరు, నవంబరుల్లో దక్షిణానికి, మేలో మళ్లీ ఉత్తరానికి రాత్రిపూట పోతూ దీపాలకు మోసపోయి ఇలా ఇళ్లలో పడుతుంటుంది. ఒక అట్టపెట్టెకు చిల్లులు పెట్టి, అడుగున గుడ్డ వేసి, దాన్ని అందులో ఉంచి మూసి, చీకటి గదిలో పెట్టండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చావు. గంటా రెండు గంటల్లో తేరుకుంటుంది. లైట్లు ఆర్పి చెట్లున్న చోట మూత తీయండి, లేదా తెల్లవారుజామున. తేరుకోకపోతే అటవీశాఖవాళ్లకు ఫోన్ చేయండి. అడవి పిట్టను ఇంట్లో ఉంచుకోవడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని పిల్లలకు చెప్పండి, కానీ ముందు ఆ రంగులు వాళ్లను తనివితీరా చూడనివ్వండి. ఒక్క నిమిషం. ఈ ఉత్తరం నాకు చేరేసరికి ఎలాగూ పది రోజులైంది. మీరు దాన్ని ఏం చేశారో రాయండి.

మీకు ఈ విద్య ఎవరు నేర్పారు? ఇన్నేళ్లలో మీరు వినాలనుకుని వినలేకపోయింది ఏదైనా ఉందా?

నేర్పింది మా పాయింట్స్‌మన్, స్టేషన్లో పట్టాలు మార్చే పనివాడు. చదువుకున్నవాడు కాదు. ఒక రాత్రి రెండింటప్పుడు మద్రాసు వైపు మెయిల్‌కు ఆల్‌రైట్ సిగ్నల్ చూపించి, వెనక ఎర్రదీపం కనుమరుగయ్యేదాకా నిలబడ్డాం. బండి చప్పుడు పోయాక ఉండే నిశ్శబ్దం వేరు, చెవులు కడిగినట్టు ఉంటుంది. అందులో పైనుంచి మూడు ఈలలు. నేను టార్చి వేసి చూడబోయాను. వాడు నా చెయ్యి కిందికి దించి, ‘లైటు వద్దు సార్. ఉల్లంకులు. చెరువు వెతుక్కుంటా పోతున్నాయి’ అన్నాడు. ఆ చెరువులూ, అవతల పులికాటూ వాటికి కళ్లతో కాక ఎలా తెలుస్తాయని అడిగాను. ‘మనకు గూడూరు తెలిసినట్టే’ అన్నాడు. అంతకంటే వివరం వాడి దగ్గర లేదు, నాకు అప్పుడు అక్కర్లేకపోయింది.

పులికాటుకు వచ్చే ఫ్లెమింగోలను ఆ తర్వాత ఎన్నో రాత్రులు విన్నాను, దూరం నుంచి బాతుల సంతలా ఉంటాయి. వినలేకపోయింది బార్ హెడెడ్ గూస్. తెల్ల తల మీద రెండు నల్ల గీతలుండే పెద్దబాతు. మంగోలియా, టిబెట్ నుంచి హిమాలయాల మీదుగా దాటి, ఒడిశాలో చిలికా దాకా, తమిళనాడులో కూంతన్‌కులం దాకా వస్తుంది. వీపు మీద యంత్రాలు కట్టి చూస్తే ఒకటి 7,290 మీటర్ల ఎత్తు దాకా పోయింది. అవి ఆ కొండలను ఎక్కువగా రాత్రీ తెల్లవారుజామునే దాటుతాయట, చల్లగాలి చిక్కగా ఉండి రెక్కకు పట్టు దొరుకుతుందని. 1950లలో మకాలు శిఖరం దగ్గరికి వెళ్లిన లారెన్స్ స్వాన్ అనే జీవశాస్త్రవేత్త, ఒక చలిరాత్రి మంచునది పక్కన నిలబడి, చుక్కల్లో ఎక్కడో పైన ఆ బాతుల పిలుపులు విన్నానని రాశాడు. మనిషి ఊపిరి అందక ఆగే చోట, వాటికి ఎగురుతూ మాట్లాడుకునేంత ఊపిరి మిగిలింది.

కూంతన్‌కులం పోయేవి మన మీదుగా పోక తప్పదు కదా అని నా లెక్క. రిటైరయ్యాక ప్రతి నవంబరూ మేడ మీద కాచాను. ఇప్పటిదాకా చిలువలు, చింతవక్కలు, ఉల్లంకులు, ఒకసారి పక్కింటి కుర్రాడి ఈల. ఈ నవంబరుకు పాత ఫ్లాస్కు కారుతోందని మా ఆవిడ కొత్తది కొనింది. రికార్డరు మాత్రం కొననివ్వనంది.